ఫ్లాప్ తర్వాత పిలుపు

మా పిన్ని కొడుకు సినిమా డైరెక్టర్. ఇప్పటికి ఒక్క సినిమా తీశాడు. మూడేళ్ళ కిందట విడుదలైంది. వారం తిరక్కుండానే థియేటర్లలోంచి తీసేశారు. చూసిన కొద్దిమందీ బాగుందనే అన్నారు. కానీ బాగుండటం వేరు, ఆడటం వేరు. ఆ తేడా మా ఇంట్లో అందరికంటే వాడికే బాగా తెలుసు.

పోయిన నెల వాడు ఒక నిర్మాత ఆఫీసుకి కథ చెప్పడానికి వెళ్ళాడు. పదకొండింటికి రమ్మన్నారు. రెండున్నర దాకా బయట కూర్చున్నాడు. లోపలికి పిలిచాక ఆయన కాఫీ ఇప్పించి, ఫోన్ పక్కన పెట్టి, శ్రద్ధగానే విన్నారట. ఇంటర్వెల్ దాకా రాకముందే ఆపి, "కథ బాగుంది నాన్నా. కానీ నీ మొదటి సినిమా పోయింది కదా. పోయిన డైరెక్టర్‌కి డేట్స్ ఎవరిస్తారు? ముందు హీరోని ఒప్పించుకుని రా, అప్పుడు కూర్చుందాం" అన్నారట. ఆయన చెడ్డమనిషి కాదు. లిఫ్ట్ దాకా వచ్చి భుజం తట్టి పంపారని మావాడే చెప్పాడు.

ఆ రాత్రి వాడు మా ఇంట్లోనే ఉండిపోయాడు. నిద్ర పట్టక ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. వాడికి ప్రాణమైన కొరియన్ సినిమా 'జాయింట్ సెక్యూరిటీ ఏరియా' మళ్ళీ పెట్టాడు. అయిపోయాక, "అక్కా, దీనికి ముందు పార్క్ చాన్-వుక్ తీసిన రెండు సినిమాలూ పోయాయి, తెలుసా?" అన్నాడు.

"మరి మూడోది ఎవరిచ్చారు?" అని అడిగాను.

వాడి దగ్గర సమాధానం లేదు. ఆ సినిమాలో ఏ షాట్ ఎందుకలా పెట్టారో గంటసేపు చెప్పగలడు. కానీ వరసగా రెండు పోయిన మనిషిని నమ్మి మూడో సినిమా చేతిలో పెట్టిందెవరో వాడెప్పుడూ వెతకలేదు. నేనూ వెతకలేదు.

వెతికితే దొరికిన పేరు షిమ్ జే-మ్యుంగ్. మ్యుంగ్ ఫిల్మ్స్ అనే సంస్థ నిర్మాత. ఆ పేరు పట్టుకుని నెల రోజులుగా ఆమె సినిమాలు ఒక్కొక్కటే చూస్తూ వచ్చాను. కొన్ని ఇదివరకే చూశాను గానీ, వాటన్నిటి వెనకా ఉన్నది ఒకే మనిషని అప్పుడు తెలీదు. చూసేకొద్దీ నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. నిర్మాతను ఆడిన సినిమాల లెక్కతో కొలవకూడదు. ఒక దర్శకుడి సినిమా పోయి, ఫోన్ మోగడం మానేసిన రోజుల్లో ఆ దర్శకుణ్ణి పిలిచిందెవరో చూడాలి. నిర్మాత అభిరుచి ఏమిటో, ధైర్యం ఎంతో తెలిసేది అక్కడే.

వినడానికి ఇది బాగానే ఉంటుంది. నిలబడుతుందా లేదా అని తేల్చుకోవడానికే ఇంత రాస్తున్నాను.

పోస్టర్ మీద మాటలు

షిమ్ జే-మ్యుంగ్ 1963లో పుట్టారు. కాలేజీలో కొరియన్ సాహిత్యం చదువుకున్నారు. ఎనభైల చివర్లో ఒక సినిమా కంపెనీలో ప్రచారం చూసే ఉద్యోగంలో చేరారు. పోస్టర్ల మీద, పేపర్ ప్రకటనల్లో వేసే మాటలు రాయడం పని. మనకి ఫిల్మ్‌నగర్ ఎలాగో, సియోల్‌లో వాళ్ళకి చుంగ్‌మురో అలాగ. అప్పట్లో ఆ వీధిలో నిర్మాత కుర్చీలో ఆడవాళ్ళు కనిపించడం చాలా అరుదు. 1992లో సొంతంగా ఒక ప్రచార సంస్థ పెట్టారు. 1995లో భర్త లీ యున్, చెల్లెలు షిమ్ బో-క్యుంగ్‌తో కలిసి మ్యుంగ్ ఫిల్మ్స్ మొదలుపెట్టారు. 1996లో వచ్చిన మొదటి సినిమా 'కోర్సెట్'. లావుగా ఉండే ఒక లోదుస్తుల డిజైనర్ కథ. మొదటి సినిమాకే అలాంటి కథానాయిక కావాలనుకున్న నిర్మాత ఆలోచన గురించి ఇంకొంచెం తెలిస్తే బాగుండుననిపించింది.

పోస్టర్ల మీద మాటలు రాసిన అనుభవం ఆమెకు చాలా ఇచ్చిందని నా నమ్మకం. దారిన పోయేవాడు బస్సులోంచి ఒక్క క్షణం చూస్తాడు. ఆ క్షణంలో వాడి మనసులో ఏదో కదలాలి. అలా కదలాలంటే ఆ సినిమా దేని గురించో రాసేవాళ్ళకి ఒక్క వాక్యంలో తెలిసుండాలి. ఆమె సినిమాలన్నిటికీ అలాంటి ఒక్క వాక్యం ఉంది. కాపలా సైనికులు అవతలివాళ్ళతో స్నేహం చేస్తారు. పోటీ వయసు దాటిపోయిందనుకున్న ఆడవాళ్ళు మళ్ళీ ఒలింపిక్స్‌కి వెళ్తారు. పంజరంలోంచి తప్పించుకున్న కోడి బాతుపిల్లను పెంచుతుంది. మనవాళ్ళు 'లైన్ ఏంటి?' అని అడుగుతారే, అదే. మనం ఆ ప్రశ్నని కొంచెం చిన్నచూపు చూస్తాం. ఈమె సినిమాలు చూశాక నాకు ఆ ప్రశ్న మీద గౌరవం పెరిగింది.

లీ యున్ వచ్చిన దారి వేరు. ఆయన 'జాంగ్‌సన్‌గొట్‌మే' అనే విద్యార్థుల, యువకుల సినిమా బృందంలో పనిచేశారు. ఆ బృందం 1990లో ఫ్యాక్టరీ కార్మికుల సమ్మె మీద 'ద నైట్ బిఫోర్ ద స్ట్రైక్' తీసింది. సెన్సార్ లేకుండా యూనివర్సిటీల్లో వేశారు. గ్వాంగ్‌జులోని చొన్నమ్ యూనివర్సిటీలో ఆ ప్రదర్శన ఆపడానికి ప్రభుత్వం పోలీసుల్నే కాదు, హెలికాప్టర్‌ని కూడా పంపింది. దర్శకత్వంలో పాలు పంచుకున్నవాళ్ళలో లీ యున్ ఒకరు, జాంగ్ యూన్-హ్యున్ ఇంకొకరు.

ఏడేళ్ళ తర్వాత, 1997లో, అదే జాంగ్ యూన్-హ్యున్ మ్యుంగ్ ఫిల్మ్స్‌కి 'ద కాంటాక్ట్' తీశారు. రేడియో పాట వల్ల కంప్యూటర్ చాటింగ్‌లో పరిచయమై, ఒకరి మొహం ఒకరికి తెలియకుండా దగ్గరయ్యే ఇద్దరి కథ. నటి జియోన్ డో-యెన్‌కి మొదటి సినిమా. బాగా ఆడింది. సంస్థ నిలబడింది.

నేనిక్కడ ఆగిపోయాను. హెలికాప్టర్లు వచ్చినా సమ్మె సినిమా వేసినవాళ్ళు, ఏడేళ్ళకి ప్రేమకథ తీసి డబ్బు చేసుకున్నారా? మావాడిని అడిగితే "ఏం, ప్రేమకథ తీస్తే తప్పేంటక్కా?" అన్నాడు. తప్పులేదు. అయినా ఆ ప్రశ్నను నేను వదల్లేదు. దానికి సమాధానం 2014లో దొరుకుతుంది, అక్కడికి వస్తాను.

మూడో సినిమా

పార్క్ చాన్-వుక్ మొదటి సినిమా 1992లో వచ్చింది, రెండోది 1997లో. రెండూ పోయాయి. మధ్యలో ఆయన సినిమా సమీక్షలు రాసుకుంటూ బతికారు. మన దగ్గరైతే ఆ మనిషిని 'ఒకప్పుడు డైరెక్టర్' అని పరిచయం చేసి ఉండేవాళ్ళం.

మ్యుంగ్ ఫిల్మ్స్ ఆయన చేతిలో పెట్టింది చిన్న సినిమా కాదు. రెండు కొరియాల సరిహద్దు మీద, రెండువైపుల సైనికులూ ఎదురెదురుగా కాపలా కాసే పాన్‌మున్‌జోమ్‌లో కాల్పులు జరుగుతాయి, ఎవరు ఎవర్ని ఎందుకు కాల్చారో తేలాలి. ఒక నవల ఆధారంగా తీశారు. నవలలో విచారణకి వచ్చే అధికారి మగవాడు, సినిమాలో ఆడమనిషి. అసలు చోట షూటింగ్ కుదరదు కాబట్టి నమ్‌యాంగ్‌జులో పాన్‌మున్‌జోమ్ సెట్ మొత్తం కట్టారు. ఉత్తర కొరియాను పొగిడినా నేరమయ్యే జాతీయ భద్రతా చట్టం ఉన్న దేశంలో ఉత్తర కొరియా సైనికుణ్ణి మనసున్న అన్నగా, 'చోకో పై' అనే చాక్లెట్ బిస్కెట్టు నోట్లో కుక్కుకుని నవ్వించే మనిషిగా చూపించడం తేలిక కాదు. 2000 జూన్‌లో రెండు దేశాల నాయకులు ప్యోంగ్‌యాంగ్‌లో కలిశారు, సెప్టెంబర్‌లో సినిమా వచ్చింది. గాలి అనుకూలించింది. కానీ కథ ఎంచుకున్ననాడు ఆ గాలి వీస్తుందని ఎవరికీ తెలీదు.

అనుకూలించని గాలి కూడా వీచింది. పాన్‌మున్‌జోమ్‌లో కాపలా కాసి వచ్చిన మాజీ సైనికులు మ్యుంగ్ ఫిల్మ్స్ ఆఫీసు మీదకి వచ్చారు. మేం శత్రువులతో కూర్చుని తిన్నట్టు చూపిస్తారా, క్షమాపణ చెప్పండి అని గొడవ చేశారు, సామాను పగలగొట్టారు. వాళ్ళ బాధ నాకు కొంత అర్థమవుతుంది. వయసులో ఉన్న రోజులన్నీ ఒక గీత మీద కళ్ళు పెట్టుకుని నిలబడ్డవాళ్ళు. ఆ గీతను ఇంత తేలిగ్గా దాటొచ్చని తెర మీద చూస్తే, తాము నిలబడ్డదంతా వృథా అన్నట్టు తోచి ఉంటుంది. దర్శకుడి సినిమాకి ఇలాంటి రోజొస్తే ఆఫీసులో కూర్చుని ఎదుర్కోవాల్సింది నిర్మాత. చెక్కు రాయడం ఒక్కటే నిర్మాత పని కాదని ఈ సంఘటన చదివినప్పుడు బలంగా అనిపించింది.

సినిమాని యాభై లక్షల మందికి పైగా చూశారు. అప్పటిదాకా కొరియన్ సినిమాలకున్న రికార్డులు పోయాయి. ఆ తర్వాత పార్క్ చాన్-వుక్ ప్రపంచమంతా తెలిసిన దర్శకుడయ్యారు.

ఇదే కాలంలో ఆమె కొత్తవాళ్ళనీ నమ్మారు. కిమ్ జీ-వూన్ మొదటి సినిమా 'ద క్వయట్ ఫ్యామిలీ' (1998) ఆమెదే. జంగ్ జీ-వూ మొదటి సినిమా 'హ్యాపీ ఎండ్' (1999) కూడా. కానీ కొత్తవాళ్ళని నమ్మడం వేరు, ఓడినవాళ్ళని నమ్మడం వేరు. కొత్తవాడి మీద ఇంకా ఎవరికీ అనుమానం ఉండదు. వాడేం చేస్తాడో ఎవరికీ తెలీదు కాబట్టి ఆశ ఉంటుంది. ఓడినవాడి విషయంలో లెక్క కాగితం మీద కనపడుతూ ఉంటుంది, ఫైనాన్షియర్ దాన్ని చూస్తూ ఉంటాడు. మావాడికి మొదటి సినిమా దొరకడానికి ఆర్నెల్లు పట్టింది. రెండోది మూడేళ్ళయినా దొరకలేదు.

వైకికీ నుంచి ఏథెన్స్ దాకా

పార్క్ చాన్-వుక్ ఉదాహరణ ఒక్కటీ నా వాదనకి చాలదు. ఒక్కసారి పందెం గెలిచిన మనిషిని చూసి పందెం మంచిదనకూడదు. నన్ను నిజంగా ఒప్పించింది ఇమ్ సూన్-రే కథ.

ఇమ్ సూన్-రే మహిళా దర్శకురాలు. 2001లో మ్యుంగ్ ఫిల్మ్స్‌కి 'వైకికీ బ్రదర్స్' తీశారు. స్కూల్లో బ్యాండ్ పెట్టుకుని పెద్ద కలలు కన్న కుర్రాళ్ళు, నడివయసుకొచ్చేసరికి నైట్‌క్లబ్బుల్లో ఎవరూ వినని పాటలు వాయించుకుంటూ, ఒక్కొక్కరే విడిపోతారు. అందులో ఒక దృశ్యం నాకు చాలా రోజులు నిద్ర లేకుండా చేసింది. తాగి ఊగుతున్న మనుషుల మధ్య, వాళ్ళు అడిగారని, బట్టల్లేకుండా నిలబడి హీరో గిటార్ వాయిస్తూ ఉంటాడు. ఎక్కడా ఏడుపు లేదు, సంగీతం పెంచడం లేదు. అతను వాయిస్తూనే ఉంటాడు. అంతే.

సినిమా ఆడలేదు. అదే ఏడాది జనం చూసేలోపే వెళ్ళిపోయిన మరో మూడు సినిమాలతో కలిపి, పేర్ల మొదటి అక్షరాలతో 'వా-రా-నా-గో' అని పేరు పెట్టి, ప్రేక్షకులే వాటిని మళ్ళీ థియేటర్లో వేయించాలని ఉద్యమం చేశారు. ఎంత ప్రేమ! కానీ ప్రేక్షకుల ప్రేమతో నిర్మాత అప్పు తీరదు, దర్శకురాలికి ఇంకో సినిమా రాదు. ఇమ్ సూన్-రే తర్వాతి కథాచిత్రం రావడానికి ఆరేళ్ళు పైనే పట్టింది.

ఆ సినిమా మళ్ళీ మ్యుంగ్ ఫిల్మ్స్‌దే. పేరు 'ఫరెవర్ ది మూమెంట్'.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మహిళల హ్యాండ్‌బాల్ ఫైనల్. కొరియా, డెన్మార్క్ తలపడ్డాయి. మామూలు సమయం సరిపోలేదు, అదనపు సమయం రెండుసార్లు ఇచ్చినా తేలలేదు. చివరికి పెనాల్టీ త్రోల దగ్గర కొరియా ఓడిపోయింది. ఆ దేశంలో నాలుగేళ్ళకోసారి తప్ప ఎవరూ పట్టించుకోని ఆట అది. క్లబ్బులు మూతపడుతుంటే, పిల్లల తల్లులైన సీనియర్లు తిరిగొచ్చి ఆడిన జట్టు. సినిమాలో నటి మూన్ సో-రి పాత్ర, జట్టు రద్దయ్యాక సూపర్‌మార్కెట్‌లో పనిచేస్తూ ఉంటుంది.

ఓడిపోయిన ఆట మీద, జనానికి పట్టని క్రీడ మీద, ముప్పై దాటిన ఆడవాళ్ళ మీద సినిమా. దర్శకురాలి గత సినిమా ఫ్లాప్. మన లెక్క ప్రకారం ఇందులో ఒక్కటీ కలిసొచ్చేది లేదు. 2008 జనవరిలో విడుదలైతే నలభై లక్షల మంది చూశారు.

నా నమ్మకం ఏమిటంటే, ఆ కథకి ఇమ్ సూన్-రేని పిలవడం జాలి కాదు, సాయం కాదు. ఓడిపోయిన మనుషుల్ని ఏడిపించకుండా చూపించగల దర్శకురాలు ఎవరో 'వైకికీ బ్రదర్స్' చూసిన నిర్మాతకే తెలుస్తుంది. అందరూ కలెక్షన్ చూసి లెక్క మూసేశారు. ఆమె సినిమా చూశారు. ఫ్లాప్ సినిమాను మొత్తం చూసే నిర్మాత ఎంతమంది ఉంటారు? మావాడు కథ చెప్పిన నిర్మాత, వాడి మొదటి సినిమా పోయిందని చెప్పారు గానీ, చూశానని చెప్పలేదు.

ఇంకొక సంగతి. లీ యోంగ్-జు చదివింది ఆర్కిటెక్చర్. 2009లో తీసిన మొదటి సినిమా ఆడలేదు. ఆయన దగ్గర ఏళ్ళ తరబడి ఎవరూ తీయని ఒక ప్రేమకథ ఉంది. మ్యుంగ్ ఫిల్మ్స్ తీసింది. 2012లో వచ్చిన 'ఆర్కిటెక్చర్ 101' అదే. అదీ నలభై లక్షలు దాటింది. జెజు దీవిలో సినిమా కోసం కట్టిన సముద్రం ఒడ్డు ఇల్లున్న చోట తర్వాత కాఫీ షాప్ వచ్చింది, జనం వెళ్ళి అక్కడి కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళు.

బిల్లింగ్ కౌంటర్

ఇందాక వదిలిన ప్రశ్న దగ్గరికి వస్తాను.

2007 వేసవిలో సియోల్‌లో హోమెవర్ అనే సూపర్‌మార్కెట్లలో పనిచేసే ఆడవాళ్ళు సమ్మెకి దిగారు. కాంట్రాక్టు ఉద్యోగుల్ని కాపాడటానికి తెచ్చిన చట్టం అమల్లోకి రాబోతుంటే, దాన్ని తప్పించుకోవడానికి వాళ్ళ ఉద్యోగాలు తీసేశారు. ఆ సమ్మె 510 రోజులు నడిచింది. దాని స్ఫూర్తితో 2014లో మ్యుంగ్ ఫిల్మ్స్ 'కార్ట్' తీసింది. దర్శకురాలు బూ జీ-యంగ్. అంతకుముందు ఒకే ఒక కథాచిత్రం తీసిన మనిషి. డబ్బులో కొంత మామూలు జనం దగ్గర చందాలుగా పోగు చేశారు. పెద్ద కంపెనీల చేతిలో థియేటర్లన్నీ ఉన్నప్పుడు, కొందరు నిర్మాతలు కలిసి పెట్టుకున్న లిటిల్ బిగ్ పిక్చర్స్ అనే సంస్థ దాన్ని విడుదల చేసింది. ఎనిమిది లక్షల మంది చూశారు. ఆమె పెద్ద హిట్ల పక్కన అది చిన్న అంకె.

నాకు మాత్రం ఆమె సినిమాలన్నిటిలో ఇదే దగ్గరిది. డిగ్రీ చదువుతున్నప్పుడు ఏడాదిన్నర ఒక బట్టల షాపులో పనిచేశాను. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. కూర్చోవడానికి స్టూల్ ఉండేది కాదు, కస్టమర్లు లేనప్పుడు కూడా. ఒకసారి ఒకావిడ విప్పించిన చీరలన్నీ చూసి, నేను మొహం చిట్లించానని గొడవ చేసింది. నేను చిట్లించలేదు, కాళ్ళు లాగుతున్నాయి, అంతే. మేనేజర్ వచ్చి అందరి ముందూ ఆవిడకి సారీ చెప్పించాడు. ఒకసారి కాదు, ఆవిడ సరే అనేదాకా. 'కార్ట్'లో ఒక ఉద్యోగిని కస్టమర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ చెప్పే చోట నేను సినిమా ఆపి, లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇరవై ఏళ్ళయింది ఆ షాపు వదిలి. అరికాళ్ళు మళ్ళీ మంటెక్కినట్టయింది.

ఇప్పుడు వెనక్కి చూస్తే వరస కనిపిస్తుంది. 1990లో సమ్మె సినిమా. తర్వాత ప్రేమకథ. సరిహద్దు కథ. జట్టు పోయి సూపర్‌మార్కెట్‌లో చేరిన క్రీడాకారిణి. తర్వాత సూపర్‌మార్కెట్ మొత్తం. 2021లో ఇంకా ముందుకెళ్ళి జియోన్ తే-ఇల్ మీద యానిమేషన్ సినిమా 'తే-ఇల్' తీశారు. 1970 నవంబర్ 13న సియోల్ ప్యోంగ్‌వ మార్కెట్ దగ్గర "మేం యంత్రాలం కాదు" అంటూ నిప్పంటించుకున్న ఇరవై రెండేళ్ళ కుట్టుపనివాడు ఆయన. దానికీ వేల మంది చందాలిచ్చారు.

కాబట్టి ప్రేమకథ తీసి దారి తప్పారా అన్న నా ప్రశ్నకి సమాధానం ఇది. ప్రేమకథల డబ్బే 'కార్ట్'కి వెళ్ళిందని రుజువు చూపించలేను, ఆ లెక్కలు నా దగ్గర లేవు. కానీ 'ద కాంటాక్ట్' పోయి ఉంటే మ్యుంగ్ ఫిల్మ్స్ పదిహేడేళ్ళ తర్వాత ఉండేదే కాదని మాత్రం చెప్పగలను.

నన్ను ఆపే ప్రశ్నలు

మావాడికి ఇదంతా చెప్తే వాడే మొదటి అడ్డుపుల్ల వేశాడు. "అక్కా, పోయినవాళ్ళని పిలిస్తే మళ్ళీ పోయినవాళ్ళ సంగతేంటి? వాళ్ళ పేర్లు నీకు తెలీవుగా." నిజమే. గెలిచిన ముగ్గురి పేర్లు చెప్పి సూత్రం కట్టడం సులభం. ఏ నిర్మాత చరిత్రలోనైనా రెండో అవకాశం ఇచ్చినా నిలబడని దర్శకులు ఉంటారు, వాళ్ళ గురించి ఎవరూ వ్యాసాలు రాయరు. అందుకే పిలిస్తే గెలుస్తారని నేననడం లేదు. పిలవడానికి ముందు సినిమా చూసి, అందులో ఏముందో గుర్తుపట్టడమే నిర్మాత విద్య అంటున్నాను. ఆ తర్వాత గెలుపు ఎవరి చేతిలోనూ ఉండదు.

రెండోది డబ్బు. ఇది కష్టమైన ప్రశ్న. మన దగ్గర నిర్మాత వడ్డీకి తెస్తాడు. సినిమా ఆలస్యమైన ప్రతి నెలా వడ్డీ పెరుగుతుంది, ఇల్లు తాకట్టులో ఉంటుంది. హీరోని బట్టి బయ్యర్లు ముందే డబ్బు కడతారు. అలాంటప్పుడు 'డేట్స్ తెచ్చుకో' అన్న మనిషిని నేనెలా తప్పుపట్టను? కొరియాలో తొంభైల చివరి నుంచి పద్ధతి మారింది. పెద్ద కంపెనీలు పెట్టుబడి పెట్టి విడుదల చేస్తాయి, నిర్మాణ సంస్థ కథ, మనుషుల్ని సమకూర్చి సినిమా తీస్తుంది. లాభంలో మామూలుగా ఆరు వంతులు పెట్టుబడికి, నాలుగు వంతులు నిర్మాతకి. నష్టం వస్తే నిర్మాత ఇల్లు పోదు. మనిషి అభిరుచికి ఒక వ్యవస్థ ఆసరా ఉంది. అయితే అదే వ్యవస్థలో తర్వాత తర్వాత పెట్టుబడి కంపెనీల మాటే చెల్లుబాటు కావడం మొదలైంది, లిటిల్ బిగ్ పిక్చర్స్ పుట్టింది అందుకే. కాబట్టి షిమ్ జే-మ్యుంగ్‌ని తీసుకొచ్చి ఫిల్మ్‌నగర్‌లో కూర్చోబెడితే ఇవే సినిమాలు తీసి ఉండేవారని నేను చెప్పలేను. ఈ ప్రశ్న దగ్గర నా వాదన సగం తగ్గుతుంది. ఒప్పుకుంటున్నాను.

మనకి అలాంటివాళ్ళు లేరనడం కూడా సరికాదు. చక్రపాణి గారు కథ దగ్గర కూర్చున్న నిర్మాత. పూర్ణోదయా అన్న పేరు తెర మీద పడగానే ఎలాంటి సినిమా చూడబోతున్నామో మా అమ్మకి తెలిసేది. ఆ సంస్థ నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారి పేరు దర్శకుడి పేరుతో సమానంగా మా ఇంట్లో వినపడేది. ఆ రోజుల్లోనూ వడ్డీలు ఉన్నాయి.

మూడో ప్రశ్న నాకు అన్నిటికంటే ఇబ్బందిగా ఉంది. 2000లో, 'జాయింట్ సెక్యూరిటీ ఏరియా' వచ్చిన ఏడాదే, మ్యుంగ్ ఫిల్మ్స్ కిమ్ కి-డుక్ అనే దర్శకుడితో 'ద ఐల్' తీసింది. వెనిస్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్ళింది. ఆడవాళ్ళ శరీరాల మీద, మూగజీవాల మీద అందులో చూపించిన హింస నేను పూర్తిగా చూడలేకపోయాను. 2018 మార్చి 1న కొరియన్ సినిమా రంగంలో లైంగిక వేధింపుల బాధితుల కోసం 'దున్‌దున్' అనే కేంద్రం మొదలైంది. అప్పుడు దానికి సారథులు ఇద్దరు, షిమ్ జే-మ్యుంగ్, ఇమ్ సూన్-రే. ఆ పేరుకి ధీమా అని అర్థం. సరిగ్గా అదే నెలలో ఒక టీవీ కార్యక్రమంలో నటీమణులు కిమ్ కి-డుక్ మీద లైంగిక హింస ఆరోపణలు చేశారు. ఆయన ఖండించారు, నష్టపరిహారం దావా వేశారు, కోర్టు కొట్టేసింది. 2020 చివర్లో లాత్వియాలో కోవిడ్‌తో చనిపోయారు.

ఆ ఆరోపణలు ఆయన మీద, మ్యుంగ్ ఫిల్మ్స్ మీద కాదు. అయినా ఒక ప్రశ్న వదలదు. ఇంకెవరూ ముట్టుకోని దర్శకుణ్ణి పిలవడం గొప్ప గుణం అని నేనింతసేపూ రాశాను. అదే గుణం వల్ల తలుపు తెరుచుకున్నవాళ్ళలో ఆయనా ఉన్నారు. ధైర్యంగా తెరిచిన ప్రతి తలుపులోంచీ వచ్చేవాడు మంచివాడే అవుతాడన్న హామీ లేదు. ఇమ్ సూన్-రేని గుర్తుపట్టిన కళ్ళే 'ద ఐల్'లోనూ ఏదో చూశాయి. ఆమె తర్వాత ఆ కేంద్రం బాధ్యత భుజాన వేసుకోవడం వల్ల ముందు చేసింది చెరిగిపోదు, ముందు చేసినదాని వల్ల ఈ బాధ్యత విలువా తగ్గదు. రెండూ ఆమె జీవితంలో ఉన్నాయి. నేను రెంటినీ పక్కపక్కనే పెట్టి చూడగలను, కలపలేను.

ఇంకొక మాట. నేను ఆమె పేరు రాసిన ప్రతిచోటా లీ యున్ కూడా ఉన్నారు. ఏ నిర్ణయం ఎవరిదో బయటివాళ్ళకి తెలియదు. అయినా ఆమె పేరే ముందు రాస్తున్నాను. భార్యాభర్తలు కలిసి చేసిన పనిని భర్త పేరు మీద చెప్పుకోవడం మనకి ఎంత అలవాటో నాకు తెలుసు.

2015లో మ్యుంగ్ ఫిల్మ్స్ సియోల్ వదిలి పాజుకి వెళ్ళింది. ఉత్తర కొరియా సరిహద్దుని ఆనుకుని ఉన్న ఊరు, పాన్‌మున్‌జోమ్ ఆ జిల్లాలోదే. అక్కడి పుస్తకాల నగరంలో థియేటర్‌తో సహా ఒక భవనం కట్టారు. ఫీజు లేకుండా, ఉండటానికి గది ఇచ్చి, ఏటా పదిమంది దాకా పిల్లలకి సినిమా నేర్పే బడి పెట్టారు. ఆ బడిలో చదివినవాళ్ళ మొదటి సినిమాలు కొన్ని అక్కడే తయారయ్యాయి. వాళ్ళకి రెండో సినిమా ఎవరిస్తారో చూడాలి.

పోయిన ఆదివారం మావాడు మళ్ళీ వచ్చాడు. ఇద్దరం 'ఫరెవర్ ది మూమెంట్' చూశాం. వాడు చూడటం మొదటిసారి. చివరి త్రో దగ్గర నోరు మెదపలేదు. పేర్లు మొదలయ్యాక రిమోట్ అడిగి తీసుకుని, వెనక్కి తిప్పి, ఒకచోట ఆపాడు. తెర నిండా కొరియన్ అక్షరాలు. ఇద్దరికీ చదవడం రాదు. వాడు ఫోన్‌లో ఆమె పేరు ఆ లిపిలో ఎలా ఉంటుందో వెతికి తీసి, టీవీ దగ్గరికి వెళ్ళి, ఫోన్ తెరకి ఆనించి ఒక్కొక్క వరసా పోల్చుకుంటూ కిందికి వచ్చాడు. మూడు అక్షరాల పేరు. దొరికాక ఫోటో తీసుకున్నాడు.